మెస్‌లో వడ్డించే అమ్మాయిని అడగాలనుకున్న తమ్ముడికి

ప్రశ్న: అక్కా, నమస్తే. నా వయసు 28. మాది సింగరాయకొండ దగ్గర పల్లెటూరు. నెల్లూరులో రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో పనిచేస్తూ బాలాజీ నగర్‌లో రూమ్ తీసుకుని ఉంటున్నాను. ఏడాదికి పైగా మధ్యాహ్నం భోజనం ట్రంకు రోడ్డు దగ్గర ఒక మెస్‌లోనే. అక్కడ వడ్డించే అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. పాతికేళ్లుంటాయి. నాకు వంకాయ పడదని తనకు తెలుసు, అడక్కుండానే వేరే కూర వేస్తుంది. పులుసు రెండో గరిటె కూడా వేస్తుంది. మొన్న జ్వరం వచ్చి నాలుగు రోజులు వెళ్లలేదు. ఐదో రోజు వెళ్తే 'ఏమైంది, కనపళ్లేదే' అని అడిగింది. ఆ రోజంతా నాకు పని మీద ధ్యాస లేదు. ఒకసారి కౌంటర్లో స్కానర్ పనిచేయకపోతే తన నంబరుకు ఫోన్‌పే చేయమంది. అప్పుడే తన పేరు తెలిసింది. నంబరు సేవ్ చేసుకున్నాను, ఇంతవరకు మెసేజ్ పెట్టలేదు. రూమ్‌లో ఒకడు వాట్సాప్ చెయ్యమంటాడు, ఇంకొకడు ఓనర్‌తో చెప్పించమంటాడు, మరొకడు పని అయ్యాక బయట నిలబడి అడగమంటాడు. తనకు కూడా నేనంటే ఇష్టమేనంటారా? ఎలా అడగాలి? కాదంటే మళ్లీ ఏ ముఖం పెట్టుకుని అక్కడికి వెళ్లాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు రాయవద్దు, నెల్లూరు

జవాబు:

తమ్ముడూ,

నంబరు చేతిలో ఉండి కూడా మెసేజ్ పెట్టకుండా ఆగావు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఎందుకు ఆగావో నువ్వు రాయలేదు. అలా పెట్టడం బాగుండదని నీ మనసుకే అనిపించి ఉంటుంది. ఆ అనిపించినదాన్ని గట్టిగా పట్టుకో.

నీకు జవాబు చెప్పే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. ఒంగోలులో మా అమ్మ పద్నాలుగేళ్లు మెస్ నడిపింది. ఇంటర్ అయిపోయాక నాలుగేళ్లు నేను అందులోనే వడ్డించాను. మధ్యాహ్నం రద్దీ తగ్గాక గల్లాపెట్టె దగ్గర కూర్చుని లెక్కలు రాశాను. నువ్వు ఆకు ముందు కూర్చుని చూస్తున్నదాన్ని నేను గరిటె పట్టుకుని నిలబడి చూశాను. నీకు చెప్పేదంతా అక్కడి నుంచే చెబుతున్నాను.

ముందు నీ మొదటి ప్రశ్న. తనకూ ఇష్టమేనా? నువ్వు రాసినవాటిని బట్టి ఆ మాట చెప్పలేం. అవన్నీ ఆ అమ్మాయి తన పని చాలా బాగా చేస్తుందనడానికి గుర్తులు. ఎవరికి ఏం పడదో గుర్తుపెట్టుకోవడం మెస్ పనిలో సగం. మాకు రోజూ వచ్చే ఒక పెద్దాయనకు పళ్లు ఊడిపోయాయి, ఆయనకు అన్నం గిన్నె అడుగు నుంచి మెత్తగా ఉన్నది తీసి పెట్టేవాళ్లం. ఒక బ్యాంకు గుమాస్తా ఉల్లిపాయ తినేవాడు కాదు. లారీ వాళ్లు వస్తే కూర సంగతి తర్వాత, ముందు ఆకు మధ్యలో అన్నం కుప్పగా పోయాలి. 'నిన్న ఆకులో ఏం మిగిల్చి లేచాడో ఇవాళ గుర్తులేకపోతే వాడు రేపు పక్క మెస్‌కు పోతాడు' అని మా అమ్మ రోజూ అనేది. నేను ఆ మాట విని విని, నలభై మంది ఇష్టాయిష్టాలు నోటికి చెప్పగలిగేదాన్ని. వాళ్లలో ఒక్కరి మీద కూడా నాకు వేరే ఉద్దేశం లేదు.

'కనపళ్లేదే' అన్న మాట కూడా అంతే. రోజూ వచ్చే మనిషి నాలుగు రోజులు రాకపోతే మేం తప్పకుండా అడిగేవాళ్లం. ఆ అడగడంలో అబద్ధం ఏమీ లేదు, నిజంగానే ఏమైందోననిపిస్తుంది. రోజూ మన చేతి అన్నం తినే మనిషి మీద ఒక రకమైన ఆపేక్ష ఏర్పడుతుంది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ ఆపేక్ష వేరు, నువ్వు ఆశపడుతున్నది వేరు. ఊరు వదిలి వచ్చి, రూమ్‌లో ఉంటూ, రోజంతా కంప్యూటర్‌తోనో, ఫోన్లో డీలర్లతోనో సరిపోయే వాడికి 'ఏమైంది' అని ఒకరు అడిగితే గుండె కరగడంలో వింత లేదు. అలా కరిగినందుకు సిగ్గుపడకు. ఆ మాటకు నువ్వు కోరుకున్న అర్థం మాత్రం అంటించకు.

ఒక పని చేసి చూడు. వచ్చే వారమంతా భోజనానికి వెళ్లినప్పుడు ఆమె ముఖం వైపు చూడకు. పక్క ఆకుల వైపు చూడు. ఎదురుగా కూర్చున్న ఆర్టీసీ కండక్టరుకు అడక్కుండా పెరుగు వేస్తుందా? మూల బల్ల దగ్గర కూర్చునే ముసలాయన లేచేటప్పుడు నెమ్మదిగా వెళ్లమంటుందా? చేపల పులుసు ఉన్న రోజు మామిడికాయ ముక్క ఎవరెవరి ఆకులో పడుతోంది? నెల్లూరులో భోంచేసేవాడివి, ఆ ముక్క విలువ నీకు తెలుసు. అది రోజూ నీ ఒక్కడికే పడుతుంటే అప్పుడు ఆలోచిద్దాం. నలుగురికీ పడుతుంటే, ఆ అమ్మాయి మంచి మనిషి, చేయి పెద్దది అని మాత్రమే అర్థం.

నీ ఉత్తరంలో లేని సంగతి ఒకటుంది. ఆమె నిన్ను ఏమని పిలుస్తుంది? 'అన్నా' అని పిలుస్తుంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకు. హోటల్ పనిలో ఉన్న ఆడపిల్లలు 'అన్నా' అన్న మాటను చాలా ఆలోచించి వాడతారు. అది వాళ్లు వేసుకునే కంచె. మా దగ్గర పనిచేసిన అమ్మాయిలకు మా అమ్మ మొదటి రోజే చెప్పేది, కుర్రవాళ్లందరినీ అన్నా అనే పిలవమని. 'అదంతా మామూలే, అందరినీ అలాగే అంటారు' అని నీ స్నేహితులు అంటారు. నిజమే, అందరినీ అంటారు. ఆ అందరిలో నువ్వూ ఉన్నావన్నదే ఇక్కడ నీకు కావలసిన సమాచారం.

ఇంకొకటి. ఆమె పేరు నీకు ఫోన్‌పే చెప్పింది, ఆమె చెప్పలేదు. ఏడాది పైగా రోజూ చూస్తున్న మనిషి పేరు నీకు డబ్బులు పంపేటప్పుడు తెలిసిందంటే, మీ ఇద్దరి మధ్య ఇంకా మాటలు మొదలు కాలేదని అర్థం. అందులో బాధపడాల్సింది లేదు. నువ్వు ఎక్కడ నిలబడ్డావో అది చెబుతుంది. ఆమె ఊరేదో, ఇంట్లో ఎవరున్నారో, పెళ్లి కుదిరిందో, అసలు పెళ్లయిందో నీకు తెలియదు. పనిలో చేతికి గాజులు, మెడలో గొలుసు అడ్డమని తీసి పెట్టుకునేవాళ్లున్నారు, చూసి చెప్పలేం. అలాగని ఆరాలు తీయకు. పక్క సర్వర్‌ను అడగడం, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతకడం వద్దే వద్దు. నువ్వు ఆమె గురించి అడిగావన్న వార్త నీకంటే ముందు ఆమెకు చేరుతుంది, అది కూడా వంటగదిలో నలుగురూ నవ్వుకున్నాక.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వూ ఆమే ఆ మెస్‌లో ఒకే చోట ఉన్నారు కానీ ఒకేలా లేరు. నీకు నచ్చకపోతే బిల్లు కట్టి బయటికి నడవొచ్చు. ఆమె నడవలేదు. నువ్వు చెప్పిన మాట నచ్చకపోయినా, భయమేసినా, రేపు మళ్లీ అదే టైమ్‌కు నువ్వు వచ్చి కూర్చుంటావు, ఆమె మళ్లీ నీ ఆకులో అన్నం పెట్టాలి. నవ్వుతూ పెట్టాలి. ఎందుకంటే ఆ నవ్వు కూడా జీతంలో భాగమే.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఒకతను రోజూ మా మెస్‌కు వచ్చేవాడు. మొదట్లో మర్యాదగానే ఉన్నాడు. తర్వాత చూపులు. తర్వాత నేను వడ్డించే వరుసలో ఖాళీ లేకపోతే నిలబడి మరీ ఆగేవాడు. ఒకరోజు బిల్లు కాగితం వెనక ఏదో రాసి గల్లాపెట్టె మీద పెట్టి వెళ్లాడు. అందులో తిట్టు లేదు, బూతు లేదు. 'నీ నవ్వు నా కోసమే అని నాకు తెలుసు' అని ఉంది. ఆ ఒక్క వాక్యంతో నాకు నవ్వడం కష్టమైపోయింది. ఎవరికైనా పెరుగు వేస్తూ నవ్వితే అతను చూస్తున్నాడేమోనని ముఖం బిగించుకునేదాన్ని. విషయం తెలిసి అమ్మ నన్ను వంటగదిలోకి మార్చింది. నాకు లెక్కలు రాయడం ఇష్టం, సాయంత్రం గల్లాపెట్టె తాళం నా దగ్గర ఉంటే గర్వంగా ఉండేది. ఎనిమిది నెలలు కూరగాయలు తరిగాను. అతనికి ఇవేమీ తెలియవు. నేను కనపడటం లేదని రెండు వారాలు చూసి, వేరే మెస్‌కు వెళ్లిపోయి ఉంటాడు. తను చెడ్డవాడినని అతను ఎప్పుడూ అనుకుని ఉండడు, ప్రేమించాననే అనుకుని ఉంటాడు.

ఆ మెస్ మా అమ్మది. అయినా నష్టపోయింది నేనే. నువ్వు చెప్పే అమ్మాయికి ఆ ఓనర్ తల్లి కాదు. 'ఈ పిల్ల వల్ల గొడవలొస్తున్నాయి' అని అతను అనుకుంటే ఆమెను రేపటి నుంచి రావద్దంటాడు. నిన్ను రావద్దనడు, నువ్వు రోజూ డబ్బులిచ్చేవాడివి.

అందుకే నీ స్నేహితులు చెప్పిన మూడూ నాకు నచ్చలేదు. ఓనర్‌తో చెప్పించడం మూడింటిలోనూ పెద్ద తప్పు. జీతం ఇచ్చేవాడు నవ్వుతూ 'ఆ అబ్బాయి మంచోడమ్మా' అంటే కాదనడానికి ఆమెకు నోరు పెగలదు. అప్పుడు వచ్చే అవును నీకు దక్కినట్టు కాదు. వాట్సాప్ సంగతి: ఆమె నంబరు ఇచ్చింది భోజనం డబ్బుల కోసం. స్కానర్ పనిచేయని రోజు మెస్‌కు నష్టం రాకూడదని తన సొంత నంబరు ఇచ్చింది. ఆ నంబరుకు రాత్రి తొమ్మిదింటికి 'హాయ్, గుర్తుపట్టారా' అని వస్తే, ఆమెకు ముందుగా అనిపించేది 'ఇంకెప్పుడూ ఎవరికీ నంబరు ఇవ్వకూడదు' అని. ఈ ఉత్తరం చదవడం అయ్యాక ఆ నంబరు డిలీట్ చెయ్యి. ఫోన్లో ఉంటే ఏదో ఒక రాత్రి చెయ్యి ఊరుకోదు.

ఇక పని అయ్యాక బయట నిలబడటం. చీకటి పడ్డాక, పది గంటలు నిలబడి కాళ్లు పీకుతూ, ఆటో కోసం వస్తున్న ఆడపిల్లకు రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూస్తున్న మగవాడు కనిపిస్తే ఎలా ఉంటుందో నువ్వు ఊహించలేవు. నీకు అది ధైర్యం, ఆమెకు అది భయం. ఇష్టం లేదని స్పష్టంగా తెలిశాక కూడా పదే పదే వెంటపడటం, మాట కలపాలని చూడటం, ఫోన్లో, నెట్‌లో ఆమెను గమనిస్తూ ఉండటం చట్టం ప్రకారం నేరం. 2013లో ఇది విడిగా నేరమైంది, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ కింద ఉంది. మొదటిసారికి మూడేళ్ల వరకు జైలు. నువ్వు అలాంటివాడివని చెప్పడం లేదు. ఒక్కసారి అడగడం నేరం కాదు. ఒక్కసారికీ రెండోసారికీ మధ్య గీత ఎంత దగ్గరగా ఉందో నీకు తెలియాలని చెబుతున్నాను.

ఇది చదివే మెస్ ఓనర్లు, వాళ్ల దగ్గర పనిచేసే అమ్మాయిలు ఉంటే వాళ్లకూ ఒక మాట. పనిచేసే చోట వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఓనర్ మీద ఒక బాధ్యత పెట్టింది. తోటి ఉద్యోగుల నుంచే కాదు, ఆ చోటికి వచ్చిపోయే బయటివాళ్ల నుంచి కూడా పనిచేసే మహిళకు భద్రత కల్పించాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చిన్న మెస్ అయితే ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాకు ఒక స్థానిక కమిటీ ఉండాలి. నా రోజుల్లో ఇలాంటిది ఉందని ఎవరైనా చెప్పి ఉంటే వంటగదిలోకి వెళ్లాల్సింది నేను కాదని మా అమ్మకైనా తెలిసేది.

సరే తమ్ముడూ, నీ దగ్గరికే వస్తాను. అడగాలా వద్దా అన్నదానికి ముందు, ఏం అడగాలనుకుంటున్నావో తేల్చుకో. పెద్ద నగరాల్లో 'కాఫీకి వస్తారా' అంటే కాఫీ వరకే. నెల్లూరు పెద్ద ఊరే అయినా మనిషికి మనిషి తెలిసిన ఊరు. నీ బండి వెనక ఆమెను మైపాడు రోడ్డులో ఎవరైనా చూస్తే సాయంత్రానికి వాళ్ల వీధిలో తెలుస్తుంది. నీకు అది నలుగురు స్నేహితులు భుజం తట్టే సంగతి. ఆమెకు ఇంట్లో అన్నతోనో నాన్నతోనో గొడవ, పనిలో వెనక మాటలు. అందుకని నీ ఉద్దేశం ఏమిటో నీకు స్పష్టంగా ఉండాలి. ముందు మనిషిని తెలుసుకోవాలనుకుంటున్నావా, మంచిదే. అది ముందుకు వెళ్తే మీ ఇంట్లో 'హోటల్లో వడ్డించే పిల్లా?' అన్న మాట రాకుండా ఉండదు. దానితో పాటే కులం, కట్నం కూడా. ఆ మాటలకు ఎదురు నిలబడి మీ అమ్మతో నువ్వు మాట్లాడగలవా? మొదటి రోజే పెళ్లి గురించి ఆలోచించమనడం లేదు. సింగరాయకొండలో రైలు దిగి ఇంటికి వెళ్లినప్పుడు ఈ అమ్మాయి పేరు ఇంట్లో పలకలేనని నీకు ఇప్పుడే తెలిసి ఉంటే, ఆమెను అసలు అడగకు. ఆశ పెట్టి ఆర్నెల్ల తర్వాత 'ఇంట్లో ఒప్పుకోరు' అనే మగపిల్లల ఉత్తరాలు కాదు, అలాంటివాళ్ల చేతిలో నలిగిన ఆడపిల్లల ఉత్తరాలే నాకు ఎక్కువ వస్తాయి.

మీ ఊళ్లో స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ జరుగుతుంది కదా. చిన్నప్పుడు అమ్మ నన్ను ఒంగోలు నుంచి రెండుసార్లు తీసుకొచ్చింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి 'పెళ్లి రొట్టె', 'ఉద్యోగం రొట్టె' అని కేకలు. కోరిక తీరినవాళ్లు రొట్టె పట్టుకుని నిలబడతారు, కోరిక ఉన్నవాళ్లు వచ్చి అడిగి తీసుకుంటారు. అక్కడ నన్ను ఆకట్టుకున్నది అడిగే తీరు. అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ ఒకే నీళ్లలో నిలబడి ఉంటారు. ఎవరూ ఎవరికీ జీతగాళ్లు కారు. 'నా దగ్గర ఆ రొట్టె లేదమ్మా' అంటే అడిగినవాళ్లు ఏమీ అనుకోకుండా పక్కకు జరుగుతారు, చెప్పినవాళ్లకూ భయం ఉండదు. నీ అడగడం ఆ నీళ్లలో నిలబడి అడిగినట్టు ఉండాలి. మెస్‌లో మీరు ఆ నీళ్లలో లేరు. ఆమె గట్టున నిలబడి పనిచేస్తోంది, నువ్వు కూర్చుని తింటున్నావు. ఆ తేడాను పూర్తిగా పోగొట్టలేవు, కానీ ఆమె 'లేదు' అనడాన్ని చాలా సులువు చేయగలవు.

ఎలాగంటే, ముందు కొన్ని వారాలు తినేవాడిలా కాకుండా మనిషిలా మాట్లాడు. రద్దీ లేని రోజున బిల్లు కట్టేటప్పుడు ఒక మాట. 'ఇవాళ జనం ఎక్కువగా ఉన్నట్టున్నారు, మీరు భోంచేశారా?' అని. మెస్‌లో పనిచేసేవాళ్లు మూడున్నర, నాలుగు దాటాక గానీ తినరు, ఆ ప్రశ్న వాళ్లను ఎవరూ అడగరు. ఆమె ఒక్క ముక్కలో జవాబిచ్చి చిల్లర లెక్కపెట్టుకుంటే అక్కడితో ఆగు. ఆమె కూడా తన వైపు నుంచి ఒక మాట వేసిందా, నీ ఊరు గురించో పని గురించో అడిగిందా, అన్నం కూరలతో సంబంధం లేని మాట ఏదైనా తనంతట తాను చెప్పిందా, అదొక్కటే గుర్తు. అది రెండు మూడుసార్లు జరిగితే అడుగు. అలాంటిదేమీ జరగకపోతే నీకు జవాబు వచ్చేసినట్టే. ఈలోపు టిప్పు పెంచడం, చాక్లెట్లు, పండక్కి చీర లాంటివి చేయకు. మీ మధ్య ఇప్పటికే డబ్బు ఉంది, ఇంకా పోయకు.

అడిగే రోజు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లు. పక్కన ఓనర్ గానీ, తోటి పనివాళ్లు గానీ వినేంత దగ్గరలో లేనప్పుడు, నువ్వు బిల్లు కట్టేసి ఇక వెళ్లిపోబోతున్నప్పుడు అడుగు. భోజనం మధ్యలో కాదు, అప్పుడు ఆమె నీ ముందు నిలబడి ఉండాల్సి వస్తుంది. ఒక చీటీ మీద నీ పేరు, నీ నంబరు రాసుకుని వెళ్లు. మాటలు ఇంతే ఉండాలి:

'ఒక్క మాటండీ. మీకు ఇబ్బంది లేకపోతే, మీకు వీలైన రోజు బయట ఒకసారి కూర్చుని మాట్లాడాలని ఉంది. ఇది నా నంబరు. ఇష్టం లేకపోతే మీరేమీ చెప్పక్కర్లేదు. నేను మళ్లీ ఎప్పుడూ అడగను.'

చీటీ ఇచ్చి వెళ్లిపో. ముఖం చూస్తూ నిలబడకు. ఆమె అక్కడికక్కడే జవాబు చెప్పాల్సిన పని లేకుండా చూడటమే నువ్వు చేయగల పెద్ద మర్యాద. 'ఏడాదిగా మిమ్మల్నే చూస్తున్నాను' అన్న మాట నోటికి రానివ్వకు. నీకది ప్రేమ, వినేవాళ్లకు మాత్రం ఏడాదిగా ఎవరో తమను గమనిస్తున్నారన్న కబురు. అందంగా ఉన్నారనీ చెప్పకు, ఆ మాట ఆమె వారంలో నలుగురి దగ్గర వింటుంది, అందులో ముగ్గురిని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత ఓ పది పదిహేను రోజులు ఆ మెస్‌కు వెళ్లకు. ఇది చాలా ముఖ్యం. రేపు మధ్యాహ్నం నువ్వు వచ్చి ఆకు ముందు కూర్చుంటే, మాట్లాడకపోయినా అది జవాబు అడగడమే. ఆమెకు ఆలోచించుకోవడానికి నువ్వు లేని రోజులు కావాలి. భోజనానికి ఇబ్బంది లేదు, నెల్లూరులో మెస్‌లకు కొదవా?

ఫోన్ వస్తే, ఎక్కడ కలవాలో ఆమెనే చెప్పమను. పగటిపూట, ఊళ్లోనే, తను సొంతంగా ఆటోలో వచ్చి సొంతంగా వెళ్లగలిగే చోటు అయితే మంచిది. మొదటిసారే బీచ్ అనకు. అక్కడి నుంచి ఇంటికి చేరాలంటే నీ బండి మీదే ఆధారపడాలి. మెస్ పనిలో సెలవులు తక్కువ, ఆ ఒక్క రోజు ఆమె నిద్రపోవాల్సిన రోజు, బట్టలు ఉతుక్కోవాల్సిన రోజు. అందులోంచి గంట నీకిస్తే ఆలస్యంగా మాత్రం వెళ్లకు. టీ వస్తే కప్పు ఆమె ముందుకు నువ్వు జరుపు. పాతికేళ్ల పిల్ల, వారమంతా పదిమందికి అందించిన చేతులు. ఆమెకు వంకాయ ఇష్టమో కాదో నీకు తెలియదు, అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఫోన్ రాకపోతే, రాలేదంతే. చీటీ పోయిందేమో, చూసుకోలేదేమో, బ్యాలెన్స్ లేదేమో అని నీ మనసు నీకు రోజుకో కారణం చెబుతుంది, నమ్మకు. బాధ ఉంటుంది. రెండు మూడు వారాలు అన్నం సహించదు. ఒక ఆదివారం ఊరికి వెళ్లు, పాకల సముద్రం ఒడ్డున కూర్చో, చిన్నప్పటి స్నేహితుడు ఎవరైనా ఉంటే చెప్పుకో. రూమ్‌లో వాళ్లకు మాత్రం ఆమె పేరు చెప్పకు, వాళ్లూ అదే రోడ్డు మీద తింటారు.

మళ్లీ ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలని అడిగావు కదా. దానికి నాకు తెలిసిన ఒక మనిషి గురించి చెబుతాను. నాకు ఇరవై రెండేళ్లప్పుడు, మళ్లీ గల్లాపెట్టె దగ్గరికి వచ్చాక, ఇందాక చెప్పానే, ఉల్లిపాయ తినని బ్యాంకు గుమాస్తా, అతను నన్ను అడిగాడు. ఒక మధ్యాహ్నం, డబ్బులిచ్చి, రెండు ముక్కల్లో అడిగాడు, 'మీకు ఇష్టమైతేనే మీ అమ్మగారితో మాట్లాడతాను' అని. నాకు అలాంటి ఉద్దేశం లేదండీ అన్నాను. నా గొంతు వణికింది, బిల్లు కాగితం గుర్తొచ్చి. అతను 'సరేనండీ, అడిగినందుకు ఏమీ అనుకోకండి' అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. రెండు నెలలు రాలేదు. తర్వాత తోటి ఉద్యోగులతో కలిసి నెలకు ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. వేరే వరుసలో కూర్చునేవాడు. నన్ను చూస్తే అందరినీ పలకరించినట్టే తల ఊపేవాడు, తిని, డబ్బులిచ్చి వెళ్లేవాడు. నేను వంటగదిలోకి వెళ్లాల్సిన అవసరం రాలేదు. అమ్మకు చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

మూడేళ్ల తర్వాత భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను అప్పటికి వడ్డించడం మానేశాను, ఆ రోజు మాత్రం గరిటె నేనే తీసుకున్నాను. ఆయన ఆకులో ఉల్లిపాయ లేని కూర వేసి, 'మీకు ఉల్లిపాయ పడుతుందా అండీ?' అని ఆమెను అడిగాను.